జోసెఫ్ ఆండర్సన్ – ఒక ఫిరంగుల కొలిమి కథ



ప్రతి ఏడాదీ మన హాస్టల్ సంచికలో మహనీయుల జీవితాలు అచ్చవుతాయి. అంబేద్కర్, ఫూలే దంపతులు, జాషువా, వారితో పాటు అబ్రహాం లింకన్ కూడా తప్పకుండా ఉంటాడు. చెక్క గుడిసెలో పుట్టి, అమెరికా అధ్యక్షుడై, నల్లజాతి వారి సంకెళ్ళు తెంచాడని ఆరో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. కానీ లింకన్‌తో నాలుగేళ్ళు యుద్ధం చేసిన అవతలి పక్షం సంగతి మనం పెద్దగా చదవం. పత్తి, పొగాకు తప్ప చెప్పుకోదగ్గ పరిశ్రమలు లేని దక్షిణ రాష్ట్రాలు ఉత్తరాది సైన్యాన్ని అంతకాలం ఎలా నిలువరించాయి? వాళ్ళకు ఫిరంగులు ఎక్కడివి? వాటిని పోసింది ఎవరు?

ఈ ప్రశ్నలు పట్టుకుని పుస్తకాలు తిరగేస్తే ఒక కర్మాగారం పేరు, ఒక మనిషి పేరు మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. కర్మాగారం పేరు ట్రెడెగార్. మనిషి పేరు జోసెఫ్ రీడ్ ఆండర్సన్. ఆయనను మహనీయుడని మేము అనలేం. సమర్థుడు మాత్రం నిస్సందేహంగా అవును. ఈసారి ఆయన జీవితం రాయాలనుకోవడానికి కారణం ఆయన ఒక్కడే కాదు. ఆయన కొలిమి దగ్గర చెమటోడ్చిన వాళ్ళ జీవిత చరిత్ర ఎవరూ రాయలేదు. వాళ్ళ గురించి ఏమైనా తెలుసుకోవాలంటే ముందు ఆయన జీవితం గుండానే వెళ్ళాలి.

ఆండర్సన్ 1813 ఫిబ్రవరిలో వర్జీనియా రాష్ట్రంలో బోటెటార్ట్ అనే కౌంటీలో పుట్టాడు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. కొండలు, అడవులు, ఇనుప ఖనిజం ఉన్న ప్రాంతం అది. తండ్రి విలియం ఆండర్సన్ ఇంగ్లండు మీద అమెరికా చేసిన స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన సైనికుడు. కుటుంబానికి భూమి ఉంది, పలుకుబడి ఉంది. జోసెఫ్‌కు వెస్ట్ పాయింట్‌లోని సైనిక కళాశాలలో సీటు దొరికింది. ఆ రోజుల్లో అమెరికాలో ఇంజనీరింగు చదువుకు అంతకు మించిన చోటు లేదు. 1836లో 49 మంది ఉన్న తరగతిలో నాలుగో స్థానంలో పట్టా పుచ్చుకున్నాడు.

సైన్యంలో మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు. మరుసటి ఏడే రాజీనామా చేసి రోడ్డు వేసే ఇంజనీరయ్యాడు. షెనండోవా లోయలో స్టాంటన్ నుంచి వించెస్టర్ వరకు వేసిన పెద్ద రహదారి పనిలో కొన్నేళ్ళు గడిపాడు. 1837లోనే శాలీ ఆర్చర్ అనే ఆమెను పెళ్ళాడాడు. ఆమె తండ్రి రాబర్ట్ ఆర్చర్ సైన్యంలో డాక్టరు. ఈ మామగారు తర్వాత అల్లుడి వ్యాపారంలో భాగస్వామి అయ్యాడు. కథలో ముఖ్యమైన మలుపు 1841లో వచ్చింది. రిచ్మండ్ నగరంలో నష్టాల్లో నడుస్తున్న ఒక ఇనుప కంపెనీ తన సరుకు అమ్మిపెట్టడానికి ఆండర్సన్‌ను ఏజెంటుగా పెట్టుకుంది. అప్పటికి ఆయన వయసు 28.

ఆ కంపెనీయే ట్రెడెగార్. పేరు వింతగా ఉంది కదా! అది అమెరికా పేరు కాదు. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో ఇనుప కొలుములకు పేరుపడ్డ ఒక ఊరిది. 1837లో రిచ్మండ్‌లో కర్మాగారం కట్టినప్పుడు వేల్స్ నుంచి ఇంజనీరును, పనివాళ్ళను రప్పించి, వాళ్ళ ఊరి పేరే దీనికి పెట్టుకున్నారు. అసలు ట్రెడెగార్ ఊరి గురించి ఒక ముచ్చట చెప్పి ముందుకు వెళ్తాం. బొగ్గు గని కార్మికుడి ఇంట పుట్టి, 13 ఏళ్ళకే బడి మానేసి గనిలో దిగి, చివరికి మంత్రి అయి 1948లో బ్రిటన్ ప్రజలందరికీ ఉచిత వైద్యం తెచ్చిన అనైరిన్ బెవాన్‌ది ఆ ఊరే. ఒకే పేరున్న రెండు చోట్లలో ఏది ఎందుకు గుర్తుండాలో చదివేవాళ్ళే తేల్చుకోవచ్చు.

రిచ్మండ్‌లో కర్మాగారం జేమ్స్ నది ఒడ్డున ఉంది. అక్కడ నది రాళ్ళ మీదుగా వాలుగా దూకుతుంది. పక్కనే పడవల కాలువ. ఆ నీటి ఉరవడితోనే చక్రాలు తిరిగేవి, సమ్మెటలు లేచేవి. పైనున్న కొండ కౌంటీల నుంచి దుక్క ఇనుము కాలువ మీద పడవల్లో దిగివచ్చేది. బొగ్గు గనులు దగ్గరే. ఇన్ని వసతులున్నా కంపెనీ పుట్టిన ఏడాదే అమెరికాలో పెద్ద ఆర్థిక మాంద్యం రావడంతో మొదటి నుంచీ కుంటుతూ నడిచింది. ఆండర్సన్ వచ్చాక పరిస్థితి మారింది. ఆయనకు సైన్యంలో, నౌకాదళంలో తెలిసినవాళ్ళున్నారు. వాషింగ్టన్ వెళ్ళి ఫిరంగులు, గుండ్లు, ఓడల గొలుసులు సరఫరా చేసే ఆర్డర్లు తెచ్చాడు. 1843లో కర్మాగారాన్ని లీజుకు తీసుకున్నాడు. 1848లో 1,25,000 డాలర్లకు కొనేశాడు. ఏడేళ్ళలో ఏజెంటు యజమాని అయ్యాడు.

ఇక్కడ కొంచెం ఆగి ఇనుము తయారీ గురించి చెప్పుకోవాలి. ఇది అర్థం కాకపోతే తర్వాత జరిగిన గొడవ అర్థం కాదు. కొలిమిలోంచి మొదట దిగే దుక్క ఇనుములో కార్బన్ ఎక్కువ. దాన్ని అచ్చుల్లో పోస్తే పోత ఇనుము అవుతుంది. గట్టిగానే ఉంటుంది కానీ పెళుసు, సమ్మెట దెబ్బకు పగులుతుంది. పట్టాలకు, పలకలకు, కమ్మీలకు చేత ఇనుము కావాలి. అందుకు దుక్క ఇనుమును మంట పైనుంచి పారే మరో కొలిమిలో కరిగించి, పొడవాటి ఇనుప కడ్డీతో గంటల తరబడి కలియబెట్టాలి. కార్బన్ కాలిపోతున్న కొద్దీ ఇనుము చిక్కబడి ముద్ద కడుతుంది. సరిగ్గా ఏ క్షణంలో ఆ ముద్దను బయటికి లాగాలో కంటితో చూసి, చేతి బరువుతో పసిగట్టాలి. దీన్ని పడ్లింగ్ అంటారు. ఆ రోజుల్లో థర్మామీటరు లేదు, లెక్కల పట్టిక లేదు. ఊళ్ళో కమ్మరి కొలిమి దగ్గర కూర్చుని, కర్రు ఏ రంగుకు రాగానే దాగలి మీదికి వస్తుందో చూసినవాళ్ళకు ఈ విద్య విలువ వేరే చెప్పక్కర్లేదు. అందువల్ల పడ్లింగ్ తెలిసినవాడు కొలిమికి రాజు. అతడికి కూలి ఎక్కువ, మాట చెల్లుబాటు ఎక్కువ.

రిచ్మండ్‌లో ఈ పని తెల్లవాళ్ళ చేతుల్లో ఉండేది. ఉత్తరాది నుంచి, వేల్స్ నుంచి వచ్చిన నిపుణులు వాళ్ళు. నల్లజాతి బానిసలకు మోత పని, బొగ్గు తోడే పని, సహాయకుల పని. ఆండర్సన్ ఖర్చు లెక్క వేసుకున్నాడు. బానిసకు పడ్లింగ్ నేర్పిస్తే వాడు జీతం పెంచమనడు, మానేసి వేరే కంపెనీకి పోడు. అందుకని బానిసలకు ఈ విద్య నేర్పించడం మొదలుపెట్టాడు. నేర్పాల్సింది ఎవరు? ఆ తెల్ల కార్మికులే.

1847 మే నెలలో వాళ్ళు పని ఆపేశారు. కొలుముల దగ్గర నుంచి నల్లవాళ్ళను తీసేయాలన్నారు, కూలి పెంచమన్నారు. ఆండర్సన్ ఒక్క అడుగు వెనక్కి వేయలేదు. సమ్మె చేసినవాళ్ళను పనిలోంచి తీసేసి, కంపెనీ ఇళ్ళు ఖాళీ చేయమన్నాడు. పనివాళ్ళు కూడబలుక్కుని బానిసలను పనిలో పెట్టవద్దంటే బానిసల యజమానుల ఆస్తిహక్కుకే ముప్పు వస్తుందని వాదించాడు. నగర పెద్దలు, పత్రికలు ఆయన వైపే నిలిచాయి. సమ్మె ఓడిపోయింది. బానిసలు పడ్లింగ్ కొలుముల దగ్గర, రోలింగ్ మిల్లులో నిలబడ్డారు.

ఈ ఘట్టం గురించి మేము చాలాసేపు చర్చించుకున్నాం. పైకి చూస్తే నల్లవారికి నైపుణ్యం నేర్పిన యజమాని మంచివాడుగా, అడ్డుపడిన కార్మికులు చెడ్డవాళ్ళుగా కనిపిస్తారు. కానీ యజమాని నేర్పించింది వాళ్ళ మేలు కోరి కాదు. కార్మికులు సమ్మె చేసింది కూలి కోసమే అయినా, తమ కింద ఒక మెట్టు ఎప్పటికీ ఉండాలన్న పట్టుదల కూడా అందులో ఉంది. పక్కన నిలబడి అదే మంట కాగుతున్న మనిషిని తోటి పనివాడిగా వాళ్ళు చూడలేదు. చూసి ఉంటే యజమానికి అంత తేలిగ్గా లొంగాల్సి వచ్చేది కాదేమో. ఇద్దరి తగువులో మూడోవాడిని ఎవరూ అడగలేదు. పనిని పుట్టుకతో ముడివేస్తే పనివాళ్ళు ఎలా చీలిపోతారో బాబాసాహెబ్ రచనల్లో చదివిన మనకు ఇది దూరదేశపు కథ అనిపించదు.

మరి ఆ మూడోవాడి బతుకు ఎలా ఉండేది? ట్రెడెగార్‌లో కొందరు బానిసలు కంపెనీ సొంతం. ఎక్కువమంది అద్దెకు తెచ్చినవాళ్ళు. ప్రతి ఏటా కొత్త సంవత్సరం రోజుల్లో రిచ్మండ్‌లో బానిసల అద్దె బేరాలు జరిగేవి. యజమాని తన బానిసను ఏడాదికి ఇంత అని కంపెనీకి ఇచ్చేవాడు. డబ్బు యజమానికి, చాకిరీ బానిసది. పెళ్ళాం పిల్లలు ఎక్కడో పల్లెలో ఉంటే, ఏడాది పొడవునా ఇతను నగరంలో కొలిమి దగ్గర ఉండేవాడు. నిర్ణయించిన పనికి మించి చేస్తే మాత్రం ఆ అదనపు పనికి కొద్దిగా డబ్బు అతని చేతికే ఇచ్చేవారు. కొరడా కంటే ఈ చిల్లర డబ్బుతో ఎక్కువ పని జరుగుతుందని ఇనుప యజమానులు కనిపెట్టారు. బానిసల అమ్మకాల్లో న్యూ ఆర్లియన్స్ తర్వాత అమెరికాలో అతి పెద్ద బజారు రిచ్మండే అని కూడా గుర్తుంచుకోవాలి. కర్మాగారానికి నడిచిపోయేంత దూరంలోనే మనుషుల్ని వేలం వేసేవారు.

1850లలో ట్రెడెగార్ బాగా పెరిగింది. దక్షిణాది రైల్వేలకు ఆవిరి ఇంజన్లు తయారుచేసింది. అమెరికా నౌకాదళానికి రోనోక్, కొలరాడో అనే రెండు పెద్ద యుద్ధనౌకల యంత్రాలు చేసిపెట్టింది. బానిసల అద్దె, ధర పెరిగిపోవడంతో మళ్ళీ తెల్ల కార్మికులను ఎక్కువగా తీసుకున్నారు. ఆండర్సన్ రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యాడు. 1860 నాటికి సుమారు 900 మంది పనిచేసే ఈ కర్మాగారానికి సాటి వచ్చేది దక్షిణాదిలో మరొకటి లేదు.

అయితే ఒక విషయంలో ఆయన మొండిగా వ్యవహరించాడు. పెద్ద ఫిరంగిని గట్టి దిమ్మగా పోసి, చల్లారాక మధ్యలో తొలిచేవారు. దిమ్మ పైనుంచి లోపలికి చల్లారుతుంది కాబట్టి లోపలి ఇనుము లాగుకుపోయి బలహీనపడేది. పేలుస్తుంటే ఒక్కోసారి ఫిరంగే పగిలి సొంత సైనికులే చచ్చిపోయేవారు. అమెరికా సైన్యంలోని థామస్ రాడ్మన్ అనే అధికారి దీనికి ఉపాయం కనిపెట్టాడు. ఫిరంగిని బోలుగా పోసి, లోపల నీళ్ళు పారిస్తూ లోపలి నుంచి చల్లారిస్తే, పైపొర చల్లారేటప్పుడు లోపలి పొరను బిగించి పట్టుకుంటుంది. సైన్యం ఈ పద్ధతే కావాలంది. ఆండర్సన్ తన పాత పద్ధతే మంచిదని ఒప్పుకోలేదు, సైన్యం ఆర్డర్లు పోగొట్టుకున్నాడు. వెస్ట్ పాయింట్‌లో నాలుగో ర్యాంకు తెచ్చుకున్నవాడికి ఇది అర్థం కాలేదంటే నమ్మలేం. యుద్ధం మధ్యలో ఎటూ పాలుపోక ఈ పద్ధతి వైపే రావలసి వచ్చింది.

1860 నవంబరులో లింకన్ గెలిచాడు. దక్షిణ రాష్ట్రాలు ఒక్కొక్కటిగా దేశం నుంచి విడిపోసాగాయి. వర్జీనియా ఇంకా విడిపోకముందే ఆండర్సన్ ఆ రాష్ట్రాలకు ఫిరంగులు అమ్మడం మొదలుపెట్టాడు. 1861 ఏప్రిల్‌లో సమ్టర్ కోట మీద దక్షిణాది కాల్పులు జరిపి దాన్ని పట్టుకుందన్న వార్త రిచ్మండ్ చేరగానే జనం ఊరేగింపుగా ట్రెడెగార్‌కు వచ్చారు. అక్కడ కొత్త జెండా ఎగరేశారు, ఫిరంగులు పేల్చారు, ఆండర్సన్ ఉపన్యసించాడు. కొద్ది రోజులకే వర్జీనియా కూడా విడిపోయింది. రిచ్మండ్ దక్షిణ సమాఖ్యకు రాజధాని అయింది. రాజధానిని అక్కడికి మార్చడానికి గల కారణాల్లో ఈ కర్మాగారం కూడా ఒకటని చరిత్రకారులు చెబుతారు.

ఆండర్సన్‌కు కర్మాగారంలో కూర్చోవడం నచ్చలేదు. మళ్ళీ సైన్యంలో చేరి 1861 సెప్టెంబరులో బ్రిగేడియర్ జనరల్ అయ్యాడు. 1862 జూన్ 30న రిచ్మండ్ దగ్గరి గ్లెండేల్ యుద్ధంలో గాయపడ్డాడు. జులైలో రాజీనామా చేసి కొలిమి దగ్గరికి తిరిగివచ్చాడు. యుద్ధభూమిలో జనరల్స్ చాలామంది ఉన్నారు, ఫిరంగులు పోయించగలవాడు ఆయన ఒక్కడే.

ఆయన పోరాటంలో ఉన్నప్పుడే ట్రెడెగార్ చేసిన అతి ప్రసిద్ధమైన పని బయటపడింది. నార్ఫోక్ రేవులో ఉత్తరాది వాళ్ళు తగలబెట్టి ముంచేసి పోయిన మెర్రిమాక్ అనే ఓడను దక్షిణాది వాళ్ళు పైకి తీశారు. దానికి నిండా ఇనుప పలకలు తొడిగి వర్జీనియా అని పేరు పెట్టారు. ఆ పలకలన్నీ ట్రెడెగార్‌వే. మొదట అంగుళం మందం చాలనుకున్నారు. పరీక్షిస్తే చాలదని తేలింది. రెండంగుళాల పలకలు రెండు పొరలుగా కావాలన్నారు. అంత మందం పలకలకు రంధ్రాలు గుద్దడం కుదరక ఒక్కొక్కటీ తొలవాల్సి వచ్చింది. ఇనుము చాలక పాత రైలు పట్టాలు పీకి తెచ్చి వాడారు. మొత్తం 700 టన్నులకు పైగా పలకలు చేసి పంపారు. 1862 మార్చి 8న ఆ ఓడ వెళ్ళి ఉత్తరాది చెక్క యుద్ధనౌకలు రెండింటిని నాశనం చేసింది. మర్నాడు ఉత్తరాది ఇనుప ఓడ మానిటర్ ఎదురొచ్చింది. ఇనుప ఓడలు రెండు తలపడటం ప్రపంచంలో అదే మొదటిసారి. చిత్రమేమంటే ఆ రోజు శత్రువుల వైపున్న రోనోక్ నౌకలోని యంత్రాలు కూడా ట్రెడెగార్‌వే! యుద్ధ సామగ్రి చేసేవాడి సరుకు ఎటువైపైనా ఉండగలదు.

నాలుగేళ్ళలో ట్రెడెగార్ సుమారు 1,100 ఫిరంగులు పోసింది. దక్షిణాదిలో తయారైన ఫిరంగుల్లో ఇవి దాదాపు సగం. ఇంత చేసినా కర్మాగారం తన పూర్తి శక్తితో ఎన్నడూ నడవలేదు. దుక్క ఇనుము దొరక్కపోవడమే దీనికి ముఖ్య కారణం. ఆండర్సన్ తన సొంత కౌంటీ బోటెటార్ట్‌లోనూ, చుట్టుపక్కలా మూతపడ్డ పాత కొలుములు కొని నడిపించాడు. అడవుల్లో బొగ్గు కాల్చడానికి, ఖనిజం తవ్వడానికి బానిసలను పంపాడు. 1864లో ఉత్తరాది సైన్యం దాడి చేసి కొలుములు తగలబెట్టింది. అంతకు ముందే 1863 మేలో పక్కనున్న ఉన్ని మిల్లులో పుట్టిన మంటలు ట్రెడెగార్‌లో కొంత భాగాన్ని కాల్చేశాయి. ఉత్తరాది నిపుణులు యుద్ధం మొదట్లోనే వెళ్ళిపోయారు. ఉన్న తెల్లవాళ్ళను అప్పుడప్పుడు తుపాకులిచ్చి కందకాల్లోకి పంపేవారు. చివరి రోజులకు పనివాళ్ళలో సగం మంది దాకా బానిసలే. తమను బానిసలుగా ఉంచడానికి జరుగుతున్న యుద్ధానికి ఆయుధాలు వాళ్ళే చేయాల్సి వచ్చింది.

1863 జనవరి 1న లింకన్ బానిస విమోచన ప్రకటన అమల్లోకి వచ్చింది. తిరుగుబాటు రాష్ట్రాల్లోని బానిసలందరూ ఇక స్వతంత్రులని ప్రకటించాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే రిచ్మండ్‌లో ఎప్పటిలాగే మరో ఏడాదికి అద్దె బేరాలు జరిగే కాలం. ప్రకటన ఒక ఊరికి చేరడానికి సైన్యం చేరాలి. రిచ్మండ్‌కు అది చేరడానికి మరో రెండేళ్ళ మూడు నెలలు పట్టింది.

ఆ ఏడు నగరంలో తెల్ల పేదల స్థితీ ఘోరమే. మార్చి 13న ట్రెడెగార్ పక్కనే నదిలో ఉన్న బ్రౌన్స్ ఐలాండ్ మీది తూటాల కర్మాగారంలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో దాదాపు అందరూ ఆడవాళ్ళు, ఆడపిల్లలు. మన హైస్కూలు చెల్లెళ్ళ వయసు వాళ్ళు అందులో చాలామంది. మూడు వారాలకు, ఏప్రిల్ 2న, తిండి లేక ఆడవాళ్ళు వీధిన పడి దుకాణాలు దోచుకున్నారు. రిచ్మండ్ రొట్టె తిరుగుబాటుగా చరిత్రలో నిలిచిన ఆ ఘటనకు ముందు సమావేశం జరిగింది ఓరెగాన్ హిల్ అనే పేటలో. ట్రెడెగార్ కార్మికుల కుటుంబాలు ఉండే పేట అది. కంపెనీ తన మనుషుల్ని పంపి పల్లెల్లో ధాన్యం, మాంసం కొనిపించి, చెప్పులు కుట్టించి పనివాళ్ళను కాపాడుకునే ప్రయత్నం చేసింది. ఆండర్సన్ మరో ముందుచూపు కూడా చూపాడు. ఓడల దిగ్బంధం దాటించి ఇంగ్లండుకు పత్తి పంపి, ఆ డబ్బు అక్కడే ఉంచాడు. దేశం ఓడినా కంపెనీ మిగలాలన్న లెక్క.

1865 ఏప్రిల్ 2 రాత్రి దక్షిణాది ప్రభుత్వం రిచ్మండ్ వదిలి పారిపోయింది. పోతూ పోతూ పొగాకు గిడ్డంగులకు నిప్పు పెట్టింది. మంటలు నగరం మీదికి పాకాయి. ఆయుధాగారం పేలింది. జనం దోపిడీకి దిగారు. ట్రెడెగార్‌ను మాత్రం దాని కార్మికుల దళం తుపాకులతో కాపలా కాసి కాపాడింది. తెల్లవారి ఉత్తరాది సైన్యం నగరంలోకి వచ్చింది. వచ్చిన దళాల్లో నల్లజాతి సైనికులు ఉన్నారు. ఏప్రిల్ 4న లింకన్ స్వయంగా వచ్చి రిచ్మండ్ వీధుల్లో నడిచాడు. నల్లజాతి వారు ఆయన చుట్టూ మూగారు. అప్పటిదాకా కొలిమి దగ్గర అద్దె మనుషులుగా ఉన్నవారు ఆ వారంలో స్వతంత్రులయ్యారు. పది రోజులకు లింకన్ హత్యకు గురయ్యాడు.

ఆండర్సన్‌కు ఏ శిక్ష పడింది? ఏదీ పడలేదు. లింకన్ తర్వాత అధ్యక్షుడైన ఆండ్రూ జాన్సన్ అదే ఏడాది ఆయనకు క్షమాభిక్ష పెట్టాడు. కర్మాగారం తిరిగి చేతికి వచ్చింది. ఇంగ్లండులో దాచిన పత్తి డబ్బు పెట్టుబడికి పనికొచ్చింది. ఒకప్పటి బానిసల్లో కొందరు అక్కడే కూలికి చేరారు. వాళ్ళకు నష్టపరిహారం అన్న మాటే లేదు. ఎన్నో ఏళ్ళు చేసిన పనికి కూలి లెక్క కట్టమని అడిగే చోటు కూడా లేదు. యజమానికి మాత్రం పోయిందంతా వెనక్కి వచ్చింది. ఈ తేడా చదివినప్పుడు మాకు చాలా బాధ కలిగింది.

కర్మాగారం మళ్ళీ పుంజుకుని రైల్వేలకు సామాను చేసింది. 1873లో వచ్చిన మాంద్యంలో బాకీ పడ్డ రైల్వే కంపెనీలు కూలిపోయాయి, వాటితో పాటు ట్రెడెగార్ కూడా కోర్టు నియమించిన అధికారి చేతికి వెళ్ళింది. ఆ అధికారిగా నియమితుడైంది కూడా ఆండర్సనే! తర్వాత కోలుకుంది కానీ పాత వైభవం రాలేదు. అప్పటికి ప్రపంచం ఉక్కు వైపు మళ్ళింది. బెసెమర్ పద్ధతికి కావలసిన పెట్టుబడి ట్రెడెగార్ దగ్గర లేదు. అది ఇనుము దగ్గరే ఆగిపోయింది.

అదే 1873లో మన పూనాలో జ్యోతిరావు ఫూలే గులాంగిరి గ్రంథాన్ని ప్రచురించి, నీగ్రో బానిసత్వాన్ని తొలగించడానికి పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితం చేశాడు. రిచ్మండ్‌లో బానిసలు విడుదలైన ఎనిమిదేళ్ళకు ఆ వార్త విలువను మన దేశంలో ఒక మాలి ఇంటి బిడ్డ గుర్తించాడు.

ఆండర్సన్ తర్వాత కూడా శాసనసభలో కూర్చున్నాడు. నగరంలో పెద్దమనిషిగా బతికాడు. 1892 సెప్టెంబరు 7న న్యూ హాంప్‌షైర్ తీరంలోని ఐల్స్ ఆఫ్ షోల్స్ దీవుల్లో చనిపోయాడు. వయసు 79. రిచ్మండ్‌లో నది పైనున్న హాలీవుడ్ శ్మశానంలో పూడ్చిపెట్టారు. కొడుకు ఆర్చర్ ఆండర్సన్ కంపెనీ నడిపాడు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ అక్కడ ఫిరంగి గుండ్లు తయారయ్యాయి. 1957లో ఆ చోట పని ఆగిపోయింది.

కంపెనీ లెక్కల పుస్తకాలు వర్జీనియా రాష్ట్ర గ్రంథాలయంలో ఉన్నాయి. ఎంత ఇనుము కొన్నారు, ఎన్ని ఫిరంగులు పంపారు, ఎవరి బానిసను ఎంతకు అద్దెకు తీసుకున్నారు అన్నీ వాటిలో ఉన్నాయి. పాత ఇటుక కట్టడాల్లో ఫిరంగులు పోసిన ఫౌండ్రీ ఇప్పటికీ నిలబడి ఉంది. 2006లో అక్కడ అంతర్యుద్ధ చరిత్ర కేంద్రం తెరిచారు. ఉత్తరాది వారి వైపు నుంచి, దక్షిణాది వారి వైపు నుంచి, నల్లజాతి వారి వైపు నుంచి, మూడు వైపుల నుంచీ ఆ యుద్ధాన్ని చూపించడం దాని పద్ధతిగా ఉండేది. 2019లో ఆ ఆవరణలోనే అమెరికన్ సివిల్ వార్ మ్యూజియం కొత్త భవనం మొదలైంది. పాత ఇటుక గోడలను కూల్చకుండా వాటి చుట్టూ అద్దాలతో కట్టారు.